సెన్సార్ చేతుల మీదుగా వచ్చిన సిపాయి ఉత్తరాలు

మొదటి ప్రపంచ యుద్ధాన్ని భారతీయ సిపాయి మాటల్లో చదవాలనుకునేవారు డేవిడ్ ఓమిసీ సంకలనం ‘ఇండియన్ వాయిసెస్ ఆఫ్ ది గ్రేట్ వార్’ (1999)తో మొదలుపెట్టాలి. అందులో 650కి పైగా ఉత్తరాలున్నాయి. వాటిని తెరిచే ముందు, అవి మన దాకా ఎలా వచ్చాయో తెలుసుకోవడం అవసరం.

1914 సెప్టెంబరు చివర్లో భారత సేన ఫ్రాన్స్‌లోని మార్సే రేవులో దిగింది. విదేశాల్లో ఉండి బ్రిటిష్ పాలనను కూల్చాలని చూసిన గదర్ విప్లవకారుల రాతలు సైన్యంలోకి చేరతాయని ప్రభుత్వానికి భయం. అందుకే ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్) అధికారి ఈ.బి. హోవెల్ ఆధ్వర్యంలో, ఫ్రాన్స్ తీరపట్టణం బులోన్ కేంద్రంగా, భారతీయుల టపాకు ప్రత్యేక సెన్సార్ ఏర్పడింది. అక్కడివాళ్లు కొన్ని ఉత్తరాల్లోంచి భాగాలు ఏరి, ఇంగ్లిష్‌లోకి మార్చి, ఎప్పటికప్పుడు పై అధికారులకు నివేదికలు పంపేవారు. బ్రిటిష్ లైబ్రరీలో మిగిలినవి ఆ నివేదికలే. కాబట్టి మనం చదివేది సిపాయి ఉర్దూనో పంజాబీనో కాదు, సెన్సార్ చేయించిన అనువాదం.

రాసేటప్పుడు కూడా ఉత్తరం ఒక్కరి చేతిలో ఉండేది కాదు. చదువురాని సిపాయి చెబుతుంటే తోటివాడు రాసిపెట్టేవాడు. రెజిమెంట్‌లో ఒకసారి, బులోన్‌లో మరోసారి తనిఖీ. ఊళ్లో ఎవరో పదిమందికీ చదివి వినిపించేవారు. ఇదంతా సిపాయికి తెలుసు, అందుకే గుట్టుగా రాసేవాడు. నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరప వాడుతున్నారు అని ఒకరు రాశారు. నల్లవి భారతీయ దళాలు, ఎర్రవి తెల్లవాళ్లవి. రాజుగారి మీద పొగడ్త కనిపిస్తే దాన్ని యథాతథంగా నమ్మేయకూడదు, అబద్ధమని కొట్టేయనూ కూడదు.

పాఠకులు ఎక్కువగా పొరబడేది తేదీల దగ్గర. 1915 చివర్లో పదాతి దళాల్లో చాలావరకు ఫ్రాన్స్ వదిలి మెసపొటేమియాకు (నేటి ఇరాక్) వెళ్లిపోయాయి. 1916 తర్వాతి ఉత్తరాలు ఎక్కువగా అశ్వికులవి. వాళ్లు ఫ్రెంచి రైతుల ఇళ్లలో బస చేసినవాళ్లు. కందకాల గోడు తగ్గి పల్లె ముచ్చట్లు పెరగడానికి ముఖ్య కారణం రాసేవాళ్లు మారడమే.

ఈ సెన్సార్ పరిధికి బయట నిలిచిన రెండు బెంగాలీ పుస్తకాలు నా దృష్టిలో మరింత విలువైనవి. బెంగాల్ అంబులెన్స్ దళంలో పనిచేసిన శిశిర్ ప్రసాద్ సర్వాధికారి, 1916 ఏప్రిల్‌లో మెసపొటేమియాలోని కుట్ పట్టణం పతనమైనప్పుడు తుర్కులకు బందీ అయ్యాడు. డైరీ కాగితాలు చింపి బూట్లలో దాచుకుని కాపాడుకున్నాడు. వాటి ఆధారంగా రాసిన ‘అభి లే బాగ్దాద్’ 1950ల చివర్లో అచ్చయింది. కుట్‌లోనే బందీ అయి 1917లో చెరలో చనిపోయిన వైద్యాధికారి కల్యాణ్ కుమార్ ముఖర్జీ జీవితాన్ని, ఆయన ఉత్తరాలతో సహా, నాన్నమ్మ మోక్షదా దేవి ‘కల్యాణ్ ప్రదీప్’ (1928)గా రాసింది.

ఓమిసీ సంకలనంలో తెలుగు సిపాయి జాడ కోసం వెతికితే నిరాశే. కొన్ని జాతులే పోరాటానికి తగినవన్న ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతంతో అప్పటికే మద్రాసు ప్రాంతపు పదాతి భర్తీని బాగా తగ్గించారు. మద్రాసు సాపర్లు (సైనిక ఇంజనీరింగ్ దళం) ఎక్కువగా పనిచేసిన మెసపొటేమియా, తూర్పు ఆఫ్రికా ఉత్తరాలు బులోన్ దారిలో వచ్చేవి కావు.