రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి మలబద్ధకం: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టుని. గుండె వాల్వు మార్చుకున్నవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు ఎసిట్రోమ్ (రక్తం పలచబడే మాత్ర) స్ట్రిప్పు చూపించి "ఈ మోషన్ సిరప్ దీనితో పడుతుందాండీ?" అని తరచూ అడుగుతుంటారు. అలా అడిగేవాళ్ల గురించి నాకు బెంగ లేదు. భయపడి ఏ మందూ వాడకుండా ఓర్చుకునేవాళ్ల గురించే నా టెన్షన్ అంతా.

అపోహ: ఈ మాత్రలు వాడుతుంటే విరేచనం మందు ముట్టకూడదు.

వాస్తవం: ముక్కడమే ఎక్కువ ప్రమాదం. మొలలో, పగుళ్లో ఉంటే రక్తం పడుతుంది, ఈ మాత్రల వల్ల తొందరగా ఆగదు. మలాన్ని మెత్తబరిచే డోక్యుసేట్, పేగులో నీటిని నిలిపే లాక్టులోజ్ లాంటివి డాక్టరు చెప్పిన డోసులో వీటితో మామూలుగా వాడుకోవచ్చు.

అపోహ: విరేచనం మందులన్నీ ఒకటే.

వాస్తవం: కానే కాదు. సీసా మీద 'లిక్విడ్ పారాఫిన్' అని ఉందేమో చూడండి. చాలా సిరప్‌లలో మిల్క్ ఆఫ్ మెగ్నీషియాతో కలిపి ఉంటుంది. అది కొవ్వులో కరిగే విటమిన్లను ఒంటికి పట్టనివ్వదు, వాటిలో విటమిన్ కె ఒకటి. వారాల తరబడి తాగితే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగి, రక్తం మరీ పలచబడొచ్చు. పెద్దవాళ్లు పట్టించే ఆముదంతోనూ జాగ్రత్త. రెండు మూడు రోజులు విరేచనాలై తిండి సరిగా తినకపోయినా ఐఎన్‌ఆర్ పైకి పోతుంది. అలా జరిగితే డాక్టరుకి చెప్పి టెస్టు ముందే చేయించుకోండి.

ఇసబ్గోల్ అయితే మాత్రకీ దానికీ రెండు గంటలు ఎడం పెట్టి, గ్లాసు నిండా నీళ్లతో తాగాలి. గుండె జబ్బుకి నీళ్లు తగ్గించమన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు. నీళ్లు చాలకపోతే అది లోపలే గట్టిపడుతుంది.

అపోహ: ఆకుకూరలు పూర్తిగా మానేయాలి.

వాస్తవం: మానేస్తే పీచు తగ్గి మలబద్ధకం ఇంకా ముదురుతుంది. తోటకూరైనా, బచ్చలైనా వారం వారం ఇంచుమించు ఒకే లెక్కలో తినండి. ఏడాదంతా తినకుండా ఆషాఢం వచ్చిందని రోజూ మునగాకు వండితే, అందులోని విటమిన్ కె వల్ల మందు పని తగ్గి ఐఎన్‌ఆర్ పడిపోవచ్చు. ఇదంతా ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లకే. ఎపిక్సాబాన్, క్లోపిడోగ్రెల్ లాంటి వేరే రకం మాత్రలకి ఆకుకూరల లెక్క అక్కర్లేదు.

అపోహ: మలంలో రక్తం కనిపిస్తే మాత్ర ఆపేస్తే సరి.

వాస్తవం: సొంతంగా ఆపితే వాల్వు మీద గడ్డ కట్టొచ్చు, పక్షవాతం రావొచ్చు. వెంటనే డాక్టరుకి చూపించండి, మాత్ర ఆపాలో వద్దో ఆయన చెప్తారు. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే రాత్రయినా సరే ఆసుపత్రికి బయలుదేరండి. ఐరన్ మాత్రలకీ నల్లగానే వస్తుంది గానీ, రెండిట్లో ఏదో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. వెళ్లేటప్పుడు ఐఎన్‌ఆర్ రిపోర్టులూ, వాడుతున్న మందులన్నీ, సిరప్ సీసాతో సహా, సంచిలో వేసుకెళ్లండి.