ఇవాళ ఎవరు రాలేదు?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

మీలో ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతె మొన్న నన్నొక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, ఆఫ్రికా పల్లెటూళ్ళలో బడి వదిలాక కూడా కొందరు పెద్దవాళ్ళు పిల్లల్ని ఒకచోట చేర్చి ఆడిస్తారట, చదివిస్తారట. జీతం కూడా ఉండదట. బడిలో టీచర్లు ఉన్నారు కదా, మళ్ళీ వీళ్ళెందుకు?" ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకని అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆఫ్రికా అంటే ఒక ఊరు కాదమ్మా, 54 దేశాలు. అన్నిటి సంగతీ నేను చెప్పలేను. నాకు తెలిసిన మలావి గురించి చెబుతాను. ఆ దేశంలో జొంబా అనే పట్నంలో నేను కొంతకాలం లెక్కల మేష్టారుగా పనిచేశాను. అట్లాసు తెరిచి ఆఫ్రికాకి తూర్పు వైపు, కింది భాగంలో వెతకండి. నిలువుగా, సన్నగా పెద్ద సరస్సు ఒకటి కనిపిస్తుంది. పొడవు 580 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దాని పడమటి గట్టు వెంబడీ, కిందకీ ఉన్న చిన్న దేశమే మలావి. సముద్రం లేదు. జనంలో ఎక్కువమంది రైతులే. మొక్కజొన్న పండించుకుంటారు. ఆ పిండిని వేడినీళ్ళలో తిప్పి న్సిమా అనే గట్టి ముద్ద చేస్తారు. చేతులు కడుక్కుని, చిన్న చిన్న ముద్దలు తుంచుకుని, ఆకుకూరో ఎండుచేపో నంజుకుని తింటారు.

ఆ దేశంలో 1994లో ప్రాథమిక బళ్ళలో ఫీజులు ఎత్తేశారు. అంతకుముందు 19 లక్షల మంది చదివే బళ్ళకి దాదాపు 30 లక్షల మంది వచ్చేశారు. ఎంత మంచి రోజో ఊహించండి! కానీ గదులూ టీచర్లూ అంత తొందరగా పెరగలేదు. ఒక్క టీచరు ముందు వందమంది కూర్చునే తరగతులు వచ్చాయి. గది చాలక మామిడి చెట్టుకింద పాఠం చెప్పిన రోజులు వచ్చాయి. వందమందిలో ఎవరికి కూడికలు రాలేదో, ఎవరు పొద్దున్న ఏమీ తినకుండా వచ్చారో ఆ టీచరు ఎలా కనిపెడతారు? వాళ్ళ తప్పేమీ లేదు. పైగా చిన్న తరగతుల పిల్లల్ని మధ్యాహ్నం కాకముందే ఇంటికి పంపేస్తారు.

ఇంటికి అన్నాను కదా, ఇంట్లో ఎవరుంటారు అన్నది అసలు సంగతి.

అదే కాలంలో అక్కడ హెచ్‌ఐవి అనే వైరస్ తెచ్చే ఎయిడ్స్ జబ్బు ఊళ్ళకి ఊళ్ళని పట్టుకుంది. మందులు సామాన్యులకి అందని రోజులవి. చనిపోయినవాళ్ళలో చాలామంది పాతికా ముప్ఫై ఏళ్ళ అమ్మానాన్నలే. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో, తల్లినో తండ్రినో ఇద్దరినో పోగొట్టుకున్న పిల్లలు ఆ చిన్న దేశంలో సుమారు 10 లక్షలు. వాళ్ళని ఎవరు చూశారనుకుంటున్నారు? చాలామటుకు అమ్మమ్మలూ నాన్నమ్మలే. అక్కడి చిచేవా భాషలో వాళ్ళని అగోగో అని పిలుస్తారు. నడుం వంగిన అగోగో ఒక్కతే అయిదారుగురు మనవల్ని సాకే ఇళ్ళు నేను చూశాను. ఆవిడ పొద్దున్నే పారతో చేలోకి వెళ్ళిపోతుంది. బడి నుంచి వచ్చిన పిల్లకి ఇంట్లో ఎదురయ్యేది ఖాళీ బిందె. బోరింగు దగ్గర నీళ్ళు పట్టాలి, కట్టెలు ఏరాలి, చంటివాణ్ణి చంకనేసుకోవాలి. మొక్కజొన్న నిండుకుంటే ఎవరి చేలోనో గన్యుకి పోవాలి. రోజుకూలిని వాళ్ళు గన్యు అంటారు. హోంవర్కు సంగతి నన్నడగకండి.

ఇప్పుడు ఆ జీతం లేని మనుషుల దగ్గరికి వద్దాం. మా అమ్మమ్మ దొడ్లో సొరపాదు చెబితే మీకు తేలిగ్గా తెలుస్తుంది.

సొరపాదు గోడ పక్కన మొలిస్తే గోడెక్కి కప్పు మీద పాకుతుంది. దాని మానాన అది బతుకుతుంది. గోడ లేనిచోట మొలిచిందనుకోండి, నేలమీద పడి పాకుతుంది. కాళ్ళకింద నలుగుతుంది, మేకలు కొరుకుతాయి, కాయ మట్టిలో కుళ్ళుతుంది. విత్తనం మంచిదే, వేరూ మంచిదే, కానీ గోడ లేదు. అప్పుడేం చేస్తాం? పందిరి వేస్తాం. మా అమ్మమ్మ పందిరికి గుంజలు ఒక్క ఇంట్లోవి కావు. తుమ్మ కర్ర ఒకరు ఇస్తే వేప కొమ్మ ఇంకొకరు ఇచ్చేవారు, పురికోస మా మామయ్య పేనేవాడు. పందిరి వేశాక తీగని పట్టుకుని పైకి లాగకూడదు, తెగుతుంది. నులితీగలు తమంతట తామే గుంజని వెతుక్కుని చుట్టుకుంటాయి. మరీ బిగించి కట్టినా కోసుకుపోతుంది. గుంజలు వానకి పుచ్చుతాయి, ఏటా ఒకటో రెండో మార్చాలి. ఆకులు కమ్ముకున్నాక పందిరి ఎవరికీ కనబడదు, కాయలే కనబడతాయి. మలావి పల్లెల్లో చిల్డ్రన్స్ కార్నర్ అని పిలిచేది ఈ పందిరినే. గోడ పోయిన పిల్లలకి ఊరంతా కలిసి వేసిన పందిరి. ఒకరి గుంజ సాయంత్రపు గంట, ఒకరి గుంజ తెలిసిన నాలుగు పాటలు, ఒకరిది పాత బడిగది తాళంచెవి. పిల్లల్ని ఎవరూ పైకి లాగరు. చుట్టుకోవడానికి ఏదో ఒకటి అక్కడ ఉండేలా చూస్తారు, అంతే.

సర్కారు వారి సాంఘిక సంక్షేమ శాఖ, యూనిసెఫ్ వంటి సంస్థలు ఆ ఊరివాళ్ళకి కొద్దిరోజుల శిక్షణ ఇస్తాయి. నడిపేది మాత్రం ఊరివాళ్ళే. ఒక రైతు, ఒక కుట్టుపని అమ్మాయి, పై చదువుకి డబ్బులేక ఆగిపోయిన కుర్రవాడు, చర్చిలో పాటలు పాడే పెద్దావిడ. కొన్నిచోట్ల వారానికొక రోజు, కొన్నిచోట్ల రెండు మూడు రోజులు, బడి వదిలాక కలుస్తారు. ఆరేళ్ళ వాళ్ళ దగ్గర నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళ దాకా వస్తారు. ముందు ఆట, తర్వాతే చదువు. మగపిల్లలు ప్లాస్టిక్ సంచులు ఉండచుట్టి, తాడుతో బిగించి బంతి చేస్తారు. ఆడపిల్లలకి నెట్‌బాల్ ప్రాణం, బాస్కెట్‌బాల్ లాంటి ఆట అది. ఆ ఆటలో మలావి మహిళల జట్టు ప్రపంచంలోని మేటి జట్లలో ఒకటి, తెలుసా? మూలన ఇద్దరు బావో ఆడుతుంటారు. మొదటిసారి ఆ పలక చూసినప్పుడు నేను అక్కడే కూలబడ్డాను. మన వామనగుంటలు! అవే గుంటలు, అవే గింజలు, అదే పంచుకుంటూ పోవడం. మనకి రెండు వరసలు, వాళ్ళకి నాలుగు వరసల్లో 32 గుంటలు. ఆ ఆడేవాళ్ళలో ఒక పదేళ్ళ పిల్లవాడు నన్ను చిత్తుగా ఓడించాడు.

ఆట తర్వాత ఒక కథ, ఒక పాట, కొంచెం చదవడం, ఎక్కాలు. చనిపోయిన అమ్మ గురించి చెప్పాలనిపించిన పిల్ల చెబుతుంది, చెప్పాలనిపించని పిల్ల ఊరుకుంటుంది. శిక్షణలో వాళ్ళకి నేర్పేది ముఖ్యంగా ఇదే: మధ్యలో అడ్డురాకుండా వినడం. ఇది విన్నంత సులువు కాదు. మీరు మీ తమ్ముడి మాట అడ్డుపడకుండా చివరిదాకా ఎప్పుడైనా విన్నారా?

ఇక్కడ నా చిన్నతనం చెప్పకుండా ఉండలేను. మా ఊళ్ళో, కరెంటు ఇంకా రాని రోజుల్లో, మా వీధి చివర పెద్దత్త అని ఒకావిడ ఉండేది. ఎవరికి అత్తో తెలియదు, అందరికీ అత్తే. పొద్దుగూకగానే వాళ్ళ అరుగు మీద లాంతరు పెట్టేది. మేమంతా పలకలు పట్టుకుని అక్కడ చేరేవాళ్ళం. నూనె ఖర్చు ఆవిడది, గోల మాది. పెద్దత్తకి అక్షరం ముక్క రాదు. ఏడెనిమిదులు అరవై అని మేం చదివినా ఆవిడకి తెలిసేది కాదు. కానీ ఎవరు రాలేదో మాత్రం తలెత్తి చూడకుండానే చెప్పేది. "ఒరే, సుబ్బడి గొంతు వినబడటం లేదేం?" అనేది. సుబ్బడికి తల్లి లేదు, తండ్రి పొగాకు బేరన్ల పనికి పోతే వారాల తరబడి వచ్చేవాడు కాదు. మాలో ఒకరు పరిగెత్తుకుని వెళ్ళి చూసేవాళ్ళు. ఒకరోజు వాడు జ్వరంతో నులక మంచం మీద మూలుగుతున్నాడు. పెద్దత్త జావ కాచి గిన్నె మూతపెట్టి మా చేత పంపించింది. తెల్లారి తనే వాణ్ణి బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సుబ్బడు తర్వాత పోస్టుమాస్టరయ్యాడు.

జొంబా పక్క పల్లెలో నేను చూసిన వలంటీరు కూడా మొదట చేసిన పని అదే. పిల్లలు గుండ్రంగా నిలబడగానే పాట మొదలుపెట్టి, పాడుతూనే అందరి ముఖాలూ ఒకసారి కళ్ళతో చుట్టివచ్చింది. పాట అవగానే అడిగింది, ఇవాళ ఎవరు రాలేదు అని. ఫలానా పిల్ల రాలేదన్నారు. ఆట ముగిశాక ఆవిడ నేరుగా ఆ ఇంటికి నడిచింది. నేనూ వెంట వెళ్ళాను. నాన్నమ్మకి కాలు వాచింది, పిల్ల వంట చేస్తోంది. ఆవిడ ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. పొయ్యి దగ్గర కూర్చుని కాసేపు మాట్లాడింది, ఆరోగ్య కేంద్రానికి ఎప్పుడు తీసుకెళ్ళాలో మాట అనుకుంది. పక్కింటామెని పిలిచి నీళ్ళ పని అప్పజెప్పింది. మరుసటి వారం ఆ పిల్ల నెట్‌బాల్ ఆడుతోంది.

పిల్లలూ, ఈ మొత్తం పనికి వెన్నెముక ఆ ఒక్క ప్రశ్న అని నా నమ్మకం. ఎక్కాలు ఎవరైనా చెప్పొచ్చు. రాని పిల్లని వెతుక్కుంటూ వెళ్ళాలంటే ఆ ఊరి మనిషే కావాలి, ఏ సందులో ఏ ఇల్లో తెలిసిన మనిషి. దూరదేశాల నుంచి రెండు వారాలకి వచ్చి, చాక్లెట్లు పంచి, ఫోటోలు తీసుకుని వెళ్ళేవాళ్ళు ఈ పని చేయలేరు. వాళ్ళు విమానమెక్కాక పిల్లలకి ఇంకొకరు దూరమైనట్టే కదా. సాయం చేయాలంటే ఊళ్ళో ఉండిపోయే మనిషికి చేయాలి.

ఆ ఊళ్ళో ఉండే మనుషులు కూడా బీదవాళ్ళే, ఇది మరిచిపోవద్దు. అక్కడ డిసెంబరు నుంచి మార్చి దాకా గడ్డురోజులు. నిరుటి మొక్కజొన్న అయిపోతుంది, కొత్తది ఇంకా పాలు పోసుకోదు. వాన పడుతుంటే వలంటీర్లు తమ చేలో కలుపు తీసుకోవాలి. అందుకే ఆ నెలల్లో చాలా కార్నర్లు పలచబడతాయి. కొందరు వలంటీర్లు పట్నంలో పని దొరికి వెళ్ళిపోతారు. జీతం లేకుండా చేయడం గొప్పే. కానీ వాళ్ళకి సైకిలో, సబ్బో, నెలకింత పిండో ఇవ్వకుండా గొప్ప గొప్ప అని పొగిడితే చాలదని నేనంటాను.

తిండి మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. 2002లో కరవు వచ్చినప్పుడు మేరీస్ మీల్స్ అనే సంస్థ బ్లాంటైర్ నగరంలో సుమారు 200 మంది పిల్లలకి బళ్ళో జావ పోయడం మొదలుపెట్టింది. మొక్కజొన్న, సోయా పిండి కలిపి కాచే జావ. ఇప్పుడది మలావిలోనే 10 లక్షల మందికి పైగా పిల్లలకి అందుతోంది. కాచేది ఎవరనుకున్నారు? ఆ ఊళ్ళ తల్లులూ అమ్మమ్మలే, వంతులేసుకుని, తెల్లవారుజామునే లేచి.

మంచి కబురు కూడా ఉంది. 2004 నుంచి మలావి సర్కారు హెచ్‌ఐవి మందులు ఉచితంగా ఇస్తోంది. 2011లో ఇంకో అడుగు వేసి, హెచ్‌ఐవి సోకిన ప్రతి గర్భిణికీ జీవితాంతం మందు ఇవ్వడం మొదలుపెట్టింది. అలా చేసిన మొదటి దేశం అదే. తర్వాత ప్రపంచం ఆ దారి పట్టింది. ఆఫ్రికా దేశాలకి వెళ్ళే ఆ మందుల్లో కొన్ని మన హైదరాబాదు కంపెనీల్లో తయారైనవే. అమ్మలు బతికారు. ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఇంట్లో అమ్మ ఉంది. డెడ్జా జిల్లాలో థెరెసా కచిందమోటో అనే ఆవిడ, ఎన్నో ఊళ్ళకి పెద్ద, వందల బాల్యవివాహాలు రద్దుచేసి ఆడపిల్లల్ని తిరిగి బడికి పంపింది. ఆ కథ ఇంకో ఉత్తరంలో రాస్తాను, అది పొడుగు.

"జీతం లేకుండా ఎందుకు చేస్తారు?" అన్నదానికి నేను చెప్పిందంతా సరిపోయిందో లేదో. ఆ వలంటీరునే అడిగాను. ఆవిడకి నా ప్రశ్నే అర్థం కాలేదు. "పిల్లలు ఇక్కడే ఉన్నారు కదా" అంది. నేను ఇంకేం అడగలేదు.

మీకొక పని చెబుతాను. ఈ వారం బడి వదిలాక నేరుగా ట్యూషన్‌కి పరిగెత్తకుండా గేటు దగ్గర పది నిమిషాలు ఆగండి. ఎవరు ఎవరితో వెళ్తున్నారో చూడండి. ఎవరు తొందర లేకుండా, దారి పొడుగునా ఆగుతూ వెళ్తున్నారో చూడండి. మీ తరగతిలో నాలుగు రోజులుగా ఎవరు రాలేదో హాజరు పట్టీ చూడకుండా గుర్తు తెచ్చుకోండి. ఒక్క పేరైనా తడుతుంది. ఆ పేరు నాకు రాయొద్దు, ఎవరితోనూ అనొద్దు. అమ్మకి చెప్పి, వామనగుంటల పలక పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళండి. పలక లేకపోతే మట్టిలో గుంటలు తీసి చింతగింజలు వేసుకోండి. నాలుగు వరసలు ఎలా ఆడాలో వచ్చే ఉత్తరంలో బొమ్మ గీసి పంపుతాను.

ఆశీస్సులతో,
తాతయ్య