కళ్లు పచ్చబడని లివరు జబ్బు

సోంపేట, శ్రీకాకుళం జిల్లా

ప్రియమైన పిల్లలూ,

మన వైపు లివరు జబ్బు అనగానే అందరికీ గుర్తొచ్చేది పచ్చకామెర్లే. కళ్లు పచ్చబడితే చాలు, పసరు పోయించడానికి పరిగెడతారు. హెపటైటిస్ సి అనే వైరస్‌తో వచ్చే లివరు జబ్బు అలా బయటపడే రకం కాదు. చాలామందికి కళ్లూ పచ్చబడవు, నొప్పీ ఉండదు. ఇరవై ముప్పై ఏళ్లు మనిషి జీడితోటకీ సంతకీ తిరుగుతూనే ఉంటాడు, లోపల లివరు గట్టిపడిపోతూ ఉంటుంది. పొట్టలో నీరు చేరాకో, రక్తం కక్కుకున్నాకో ఆసుపత్రికి తెస్తారు. నర్సుగా అలాంటివాళ్లను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది.

ఇది రక్తం ద్వారా అంటుకుంటుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడినా, పరీక్ష చేయని రక్తం ఎక్కించినా, జాతరలో ఒకే సూదితో అందరికీ పచ్చబొట్లు పొడిచినా రావచ్చు. ఒకే కంచంలో తింటే రాదు, పక్కన పడుకుంటే రాదు. మన ఉద్దానంలో కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నవాళ్లు మీకూ తెలుసు. వాళ్లకు ఈ ముప్పు ఎక్కువ, అందుకే ఎప్పటికప్పుడు టెస్టు చేయాలి.

టెస్టు చిన్నదే. వేలికి గుచ్చి చుక్క రక్తం కిట్‌లో వేస్తారు. కాసేపటికి ఒకే గీత కనిపిస్తే నెగటివ్. రెండు గీతలొస్తే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందన్నమాట. ఇప్పుడు ఉందో లేదో ఆ రెండో గీత చెప్పదు. కొందరికి మందు లేకుండానే పోతుంది. వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ టెస్టు అనే ఇంకో రక్త పరీక్ష. ఈ తేడా తెలియక ఎంత టెన్షన్ పడతారో! మందులు వాడి నయమైనవాళ్లు కూడా ఏళ్ల తర్వాత ఏ ఆపరేషన్‌కో వెళ్లి, మళ్లీ రెండు గీతలు చూసి ఏడుస్తారు. నయమయ్యాక కూడా ఆ రెండో గీత చాలావరకు వస్తూనే ఉంటుంది.

వైరస్ 1989లో దొరికింది. మొదట్లో నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్లు, వాటితో జ్వరం, నీరసం, దిగులు. అంత బాధపడ్డా చాలామందికి నయమయ్యేది కాదు. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ మాత్రకు అనుమతి వచ్చింది. అక్కడ 12 వారాల కోర్సు ధర 84,000 డాలర్లు! 2015లో హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటిరో అదే మందును ఎంతో తక్కువ ధరకు తెచ్చాయి.

వైరస్ తన నకళ్లు తీసుకోవడం పూసలు గుచ్చడం లాంటిది. ఈ మందు అచ్చం అలాంటి పూసలాగే వెళ్లి కూర్చుంటుంది, కానీ దాని తర్వాత ఇంకో పూస ఎక్కదు. దండ అక్కడే ఆగిపోతుంది. దీనికి తోడుగా డాక్లటాస్‌విర్ గానీ వెల్పటాస్‌విర్ గానీ ఇస్తారు. రోజూ మాత్రలు, సాధారణంగా 12 వారాలు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది.

2004లో స్పెయిన్ వైద్యులు ఇంకో సంగతి రాశారు. కొందరికి రక్త పరీక్షలో దొరక్కుండా లివరు కణాల్లోనే వైరస్ దాక్కుంటుందట. అది అరుదు, దాని చికిత్స ఇంకా పరిశోధనలోనే ఉంది. మన ఊళ్లో దాక్కున్నది చాలావరకు టెస్టు చేయించుకోక దాక్కున్నదే.

2018 జూలై 28న హెపటైటిస్ కోసం మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడగండి. తాతకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, నాన్నమ్మ ఊళ్లో సూదిమందులు ఎక్కువ వేయించుకుందా కనుక్కోండి. మందు మొదలుపెట్టేముందు హెపటైటిస్ బి టెస్టు కూడా చేయించాలి, అది ఉంటే ఈ మందుతో ఆ బి రకం రేగే ప్రమాదం ఉంది. చివరి మాత్ర వేసుకున్న 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయించండి. దాంట్లో వైరస్ లేకపోతే నయమైనట్టే. లివరు అప్పటికే గట్టిపడి ఉంటే మాత్రం ఆరు నెలలకోసారి స్కానింగ్ మానకూడదు.

మీ అమ్మమ్మ