పొలం పనికి పాత పికప్ కొంటున్నారా? కొన్ని అపోహలు, అసలు సంగతులు

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ బండ్ల పని చేస్తాను. మిర్చి సీజన్ దగ్గరపడితే గుంటూరు, పల్నాడు రైతులు సెకండ్ హ్యాండ్ పికప్ కొనేసి, ఆ తర్వాత చూడమని తీసుకొస్తారు. అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ విషయాలు తెలియాలని రాస్తున్నాను.

అపోహ: మంచి కంపెనీ బండి అయితే రిపేరు రాదు.

పొలం గట్ల మీద తిరిగే ఏ బండికైనా రిపేరు వస్తుంది. ఎన్ని గంటల్లో బాగవుతుందన్నదే ప్రశ్న. బండి చూడబోయే ముందు మీ ఊరికి దగ్గర్లోని స్పేర్ పార్ట్స్ షాపుకు వెళ్లి ఆ మోడల్ క్లచ్ ప్లేటు, జాయింట్ క్రాస్, వీల్ సిలిండర్, వాటర్ పంపు ఉన్నాయా అని అడగండి. "ఆర్డర్ పెట్టి తెప్పిస్తాం" అంటే ఆ మోడల్ వదిలేయండి, కోతల రోజుల్లో ఆగేంత టైమ్ మీకుండదు. బొలెరో పికప్, టాటా ఏస్ లాంటివి మా వైపు ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి సామాను, చేయి తిరిగిన మెకానిక్ రెండూ దొరుకుతాయి. కంపెనీ పేరు కన్నా నాకు అదే ముఖ్యం.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగింది, ఇంజిన్ కూడా బోర్ చేయించారు (అరిగిన సిలిండర్లు సాపు చేయించారు).

మీటరు వెనక్కి తిప్పడం కష్టమేమీ కాదు. మీటరు తక్కువ చూపిస్తూ, క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము మెరుస్తుంటే పెడల్‌నే నమ్మండి. ఇంజిన్ పని చేయించామంటే ఏమేం మార్చారో బిల్లు అడగండి.

పొద్దున్నే, వస్తున్నామని చెప్పకుండా వెళ్లండి. ఇంజిన్ చల్లగా ఉందని చేత్తో చూసుకున్నాకే స్టార్ట్ చేయించండి. వేడెక్కిన ఇంజిన్ లోపాలు దాస్తుంది. కాసేపు నడవనిచ్చి ఆయిల్ పోసే మూత తీయండి. సన్నటి ఆవిరి పర్లేదు. పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తుంటే రింగులు, లైనర్లు అరిగినట్టే. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది.

అపోహ: కమాన్ పట్టీలు (చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు రేకులు) అదనంగా వేయించారు, ఎంత లోడైనా మోస్తుంది.

పట్టీలు పెంచితే వెనక భాగం కుంగదు, అంతే. ఆ బరువంతా ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం), హౌసింగ్ (వెనక ఇరుసు, దాని గేర్లు ఉండే డబ్బా), బేరింగులు, బ్రేకుల మీదే పడుతుంది. నా లెక్కలో అదనపు పట్టీలు ఓవర్‌లోడ్‌కు సాక్ష్యం. కింద పడుకుని టార్చి వేసి, కమాన్ బ్రాకెట్లు ఛాసిస్‌కు కలిసే చోట చూడండి. అక్కడ మాత్రమే కొత్త నల్ల పెయింట్ ఉంటే గోకండి, దాని కింద వెల్డింగ్ బయటపడొచ్చు. ఇంజిన్ పాడైతే బాగుచేస్తాం, చీలిన ఛాసిస్‌తో మాత్రం నేను ఎవరినీ రోడ్డెక్కమనను.

ఎంత మోస్తుందో ఆర్సీలోనే ఉంటుంది. మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. మిర్చి టిక్కీ (బస్తా) 40 కిలోల లెక్కన చూసినా 30 టిక్కీలంటే 1,200 కిలోలు. అది చిన్న బండి పని కాదు.

అపోహ: వరదలో మునిగినా కడిగి ఆయిల్ మారిస్తే చాలు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వేల బండ్లు నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి బండి రంగు వేసుకుని ఎక్కడైనా అమ్మకానికి రావచ్చు. సీటు కింద పట్టాలకు తుప్పు, డాష్‌బోర్డు వెనక మూలల్లో ఎండిన ఒండ్రు, వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము చూడండి. హౌసింగ్ ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు చేరాయి. వైరింగ్ జబ్బు ఒకసారి బాగుచేస్తే పోదు, నెలల తర్వాత ఇంకోచోట తేలుతుంది. ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

అపోహ: సెన్సార్ల బండి పల్లెలో బాగవదు.

ఇందులో సగమే నిజం. పాత మెకానికల్ పంపు బండిని మామూలు మెకానిక్ చూడగలడు. కామన్ రైల్ బండికి, అంటే ఇంజెక్టర్లను కంప్యూటర్, సెన్సార్లు నడిపించే బండికి, లోపం పట్టే స్కానర్ కావాలి, అది ఇప్పుడు చాలామంది దగ్గర ఉంది. దాని ఇంజెక్టర్లకు శత్రువు మురికి డీజిల్. డ్రమ్ముల్లో నిల్వపెట్టి, అడుగున చేరిన నీళ్లతో సహా పోస్తే అవి పోతాయి. ఇక 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కాలుష్య నిబంధనల ప్రమాణం) డీజిల్ బండ్లలో చాలావాటికి మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలాలంటే బండి కాసేపు ఆగకుండా మంచి వేగంతో పరుగెత్తాలి. ఇంటికీ చేనుకూ మధ్య రెండు కిలోమీటర్లే తిరిగే బండికి ఆ అవకాశం రాదు, ఫిల్టర్ పూడిపోతుంది. అలాంటి వాడకానికి అంతకుముందు మోడలే తీసుకోమంటాను. వారానికోసారి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లొచ్చే వాళ్లకు ఈ టెన్షన్ తక్కువ.

అపోహ: నల్లరేగడిలో ఫోర్ వీల్ డ్రైవ్ తప్పదు.

వాన పడ్డ నల్లరేగడిలోకి లోడు పికప్ దించకూడదు, అక్కడ ట్రాక్టర్ వాడాలి. మిగతా రోజులకు మంచి టైర్లు చాలు. ఫోర్ వీల్ అంటే రిపేరుకు వచ్చే భాగాలు ఇంకొన్ని పెరగడమే.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. బండి నంబరు కొట్టి ఫైనాన్స్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, చలాన్లు ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, బేరమాడేటప్పుడే ఆ ఖర్చు లెక్కేసుకోండి. బండి పేరు మార్చే 29, 30 ఫారాల మీద అమ్మే ఆయన సంతకం, ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.