చెబితే ఎక్కడిదాకా వెళ్తుంది? అమెరికా యూనివర్సిటీల్లో గోప్యత వెనక కథ

అమెరికా యూనివర్సిటీలో లైంగిక వేధింపు ఎదురైన స్టూడెంట్ నమ్మకమున్న ప్రొఫెసర్ దగ్గరికెళ్లి "ఎవరికీ చెప్పకండి" అంటే, చాలాచోట్ల ఆయన ఆ మాట ఇవ్వలేరు. విన్నది టైటిల్ నైన్ (చదువుల్లో ఆడా మగా వివక్షని నిషేధించే ఫెడరల్ చట్టం) ఆఫీసుకు చేరవేయాలని రూల్ మరి. అదే సంగతి క్యాంపస్ కౌన్సెలర్‌కి చెబితే, ప్రాణాపాయం లాంటివి ఉంటే తప్ప, మామూలుగా అక్కడే ఆగుతుంది. ఈ తేడా ఒక్క చట్టంతో వచ్చింది కాదు, యాభై ఏళ్లుగా అతుకులు వేస్తూ వచ్చారు.

1972లో టైటిల్ నైన్ వచ్చినప్పుడు అందులో వేధింపుల ఊసే లేదు. ఫెడరల్ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడా మగా వివక్ష కూడదు, అంతే. 1977లో యేల్ యూనివర్సిటీ విద్యార్థినులు కోర్టుకెక్కి, మంచి గ్రేడ్ కావాలంటే లొంగమనడం కూడా వివక్షేనని వాదించారు. 1980లో అప్పీల్లో ఓడిపోయారు గానీ వాదన మాత్రం నిలబడింది, యేల్ కూడా ఫిర్యాదులకి ఒక పద్ధతి పెట్టింది. 1986లో లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని హత్య జరిగాక, ఆమె తల్లిదండ్రులు పట్టువదలకుండా తిరిగితే 1990లో క్యాంపస్ నేరాల లెక్కలు బయటపెట్టాలన్న చట్టం వచ్చింది. ఆ లెక్కల కోసం కొన్ని బాధ్యతల్లో ఉన్న సిబ్బంది రిపోర్ట్ చేయాలి, కౌన్సెలర్లకీ మతబోధకులకీ మినహాయింపు.

2011లో లైంగిక వేధింపుల ఫిర్యాదుల్ని గట్టిగా పట్టించుకోవాలంటూ ఒబామా ప్రభుత్వం యూనివర్సిటీలకి రాసిన ఘాటైన లేఖతో ఒత్తిడి పెరిగింది. ఫెడరల్ దర్యాప్తు భయంతో చాలా యూనివర్సిటీలు దాదాపు ఉద్యోగులందరినీ తప్పనిసరిగా రిపోర్ట్ చేసేవాళ్ల జాబితాలో చేర్చేశాయి. ఫిర్యాదులు తొక్కిపెట్టిన చరిత్ర ఉంది కాబట్టి ఉద్దేశం అర్థమవుతుంది, కానీ బాధితురాలు ఒక్కసారి నోరు తెరిస్తే వ్యవహారం తన చేయి దాటిపోవడం, నా ఉద్దేశంలో, ఇంకో రకం అన్యాయమే. ఎవరి దగ్గర గోప్యత ఉందో, ఎవరి దగ్గర లేదో స్టూడెంట్లకి ముందే చెప్పాలని 2014లో ఫెడరల్ విద్యాశాఖ స్పష్టం చేసింది.

పోనీ కౌన్సెలర్ అయితే పూర్తి భద్రమా అంటే, అదీ కాదని ఒరెగాన్‌లో తేలింది. అక్కడ యూనివర్సిటీ మీద కేసు వేసిన విద్యార్థిని కౌన్సెలింగ్ రికార్డులని యూనివర్సిటీయే తన కేసు కోసం తెప్పించుకుంది! విద్యార్థి రికార్డుల మీద 1974లో వచ్చిన చట్టంలో ఆ సందు ఉందని అప్పుడే చాలామందికి తెలిసింది. గొడవ రేగాక, కాలేజీల్లో బాధితులకి తోడుండే అడ్వకేట్లతో (లాయర్లు కాదు, అండగా ఉండే సహాయకులు) మాట్లాడిన మాటలకి 2015లో ఒరెగాన్ రాష్ట్రం చట్టరక్షణ ఇచ్చింది.

తర్వాత టైటిల్ నైన్ రూల్స్ అటూ ఇటూ ఊగాయి. 2020లో ట్రంప్ ప్రభుత్వం కొత్తవి తెచ్చింది, 2024లో బైడెన్ ప్రభుత్వం మార్చింది, 2025 జనవరిలో కెంటకీలోని ఫెడరల్ కోర్టు ఆ మార్పుల్ని కొట్టేసింది, దాంతో మళ్లీ 2020వే. వాటి ప్రకారం రాతపూర్వకంగా సంతకం పెట్టి ఫిర్యాదు చేస్తే, చేసినవాళ్ల పేరు ఆరోపణ ఎదుర్కొంటున్న అవతలివాళ్లకి తెలుస్తుంది, విచారణలో వాళ్ల తరఫు సలహాదారు ప్రశ్నలు కూడా అడగొచ్చు. ఫిర్యాదు లేకుండానే హాస్టల్ గది మార్పు, పరీక్ష గడువు పొడిగింపు, కౌన్సెలింగ్ లాంటి సాయం అడగొచ్చు, ఇది చాలామందికి తెలియదు. కాబట్టి ఎవరికైనా విషయం చెప్పేముందు, "మీరు రిపోర్ట్ చేయాల్సినవాళ్లా?" అని మొహమాటపడకుండా అడిగేయండి.