టర్బో బూస్ట్: కంపెనీ ఇంజిన్ ఎంత తట్టుకుంటుంది? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే యంత్రం) పని, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) పని చేసే నాలాంటోళ్ల దగ్గరికొచ్చే కుర్రోళ్లు మొదట అడిగేది ఒకటే, "అన్నా, లోపల ఏమీ మార్చకుండా ఎన్ని పీఎస్ఐ పెట్టొచ్చు?" అని. టర్బో నొక్కే ఆ అదనపు ప్రెషర్‌నే బూస్ట్ అంటాం, పీఎస్ఐ దాని కొలత. నేను ఎదురడిగేది ఏ పెట్రోలు, ఎంత ఎండ, ఎంతసేపు అని. ఈ మూడూ తెలీకుండా చెప్పే పీఎస్ఐ నంబరుని నమ్మొద్దు, ఎందుకంటే చాలా ఇంజిన్లు పోయేది ఉత్త ప్రెషర్‌తో కాదు, వేడితో, ఆ వేడి దిగకుండా అట్లే నిలబడిపోవడంతో.

అపోహ: వీడియోల్లో కంపెనీ ఇంజిన్‌తోనే డబల్ పవర్ తీస్తా ఉండారు కదా

తీస్తారు, కానీ ఏ ఇంజిన్‌తో అన్నది చూడండి. టయోటా సుప్రాలో వచ్చిన 2జేజెడ్-జీటీఈ మూడు లీటర్లు, ఇనుప బ్లాకు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకి నలుగుతుందన్న లెక్క) 8.5, పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు, కంపెనీయే టర్బో కోసం కట్టిన ఇంజిన్ అది. మన 1.2 పెట్రోలు కార్లు మైలేజీ కోసం కట్టినవి, టర్బో లేని వాటిలో కంప్రెషన్ 11, 12 దాకా ఉంటుంది, అంటే బూస్ట్ పెట్టకముందే నాకింగ్‌కి (పెట్రోలు దానంతటదే అంటుకోవడం, కింద వివరంగా చెప్తా) దగ్గర్లో ఉన్నట్టు. ఇంకోటి, డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద ఒక పుల్ అంటే కొన్ని సెకన్లు. అదే బండి మే నెలలో ఐదుగురిని ఎక్కించుకొని ఏసీ వేసుకొని అలిపిరి నుంచి కొండెక్కుతా ఉంటే, లేదంటే చిత్తూరు నుంచి పలమనేరు పోతా మొగిలి ఘాట్‌లో లారీ వెనకాల ఇరుక్కుంటే, లోడు దిగదు, స్పీడు ఉండదు, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి బయటి గాలి తగలదు. నేను ట్యూనింగ్ చేసేది ఈ ఘాట్‌ని లెక్కేసుకొనే.

అపోహ: అర బార్ పెడితే 50 శాతం పవర్ పెరిగినట్టే

గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ఇక్కడే లెక్క తప్పుతుంది. బయట 40 డిగ్రీలు అనుకోండి, మనకి అది మామూలే, అర బార్ అంటే సుమారు 7 పీఎస్ఐ నొక్కేసరికి మామూలు టర్బో నుంచి బయటికొచ్చే గాలి దాదాపు 100 డిగ్రీలకి చేరుతుంది. ఇంటర్‌కూలర్ లేకపోతే ఆ వేడికి గాలి పల్చబడిపోయి, సిలిండర్‌లోకి అదనంగా పోయేది పాతిక శాతం గాలి మాత్రమే, వేడి మాత్రం మొత్తం లోపలికే పోతుంది. మంచి ఇంటర్‌కూలర్ పెట్టి 55 డిగ్రీలకి దింపితే 40 శాతం దాటుతుంది. ఒక బార్ పెడితే టర్బో నుంచి వచ్చే గాలి 140 డిగ్రీలు. అందుకే ముందు ఇంటర్‌కూలర్, ఆ తర్వాతే బూస్ట్ అని నేను పట్టుబడతా, దానికి ఒప్పుకోనోళ్ల బండి ముట్టుకోను.

అపోహ: సౌండ్ రాలేదంటే నాకింగ్ లేనట్టే

అన్నిటికంటే ఎక్కువ ఇంజిన్లని తినేసేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ప్లగ్ మంట అంటుకున్నాక, ఆ మంట ఇంకా చేరని మూలలో ఉన్న గాలీ పెట్రోలూ వేడికి, ప్రెషర్‌కి వాటంతటవే ఒక్కసారిగా అంటుకోవడమే నాకింగ్. స్పీడు మీద, పెద్ద సైలెన్సర్ మోతలో మీ చెవికి అది వినపడదు. కంపెనీ నాక్ సెన్సర్ విని టైమింగ్ (ప్లగ్ మంట వేసే సమయం) వెనక్కి లాగుతుంది, కానీ అది లాగే దానికి ఒక హద్దు ఉంది. బయటి టర్బో కిట్ వేయించుకొని పికప్ చచ్చిపోయిందని వచ్చిన ఒక బండి ప్లగ్ విప్పి చూస్తే, తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి మెరిసే చుక్కలు. అది పిస్టన్ అల్యూమినియం. హెడ్డు ఎత్తితే పిస్టన్ నెత్తి శుభ్రంగా ఉంది, బయటికి లాగి చూస్తే మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే గట్టు వేలెడంత విరిగిపోయింది. రాడ్డు (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపేది) వంగలేదు, బేరింగులు బాగున్నాయి. కంపెనీ పోత పిస్టన్‌లో ముందు పోయేది ఆ గట్టే. రాడ్డు గట్టిదా కాదా అని అందరూ వాదిస్తారు గానీ ఆ గట్టు గురించి ఎవరూ అడగరు.

రాడ్డు వంగడం నిజంగా జరిగేది ఎక్కువగా తక్కువ ఆర్పీఎంలో. ఎక్కువ ఆర్పీఎం రాడ్డుని లాగుతుంది, ఎక్కువ టార్క్ దాన్ని వంచుతుంది. చిన్న టర్బో 1,800 దగ్గరే టార్క్ మొత్తం దించేలా రీమ్యాప్ చేయించుకొని, ఘాట్‌లో గేరు తగ్గించకుండా నాలుగో గేరులో తొక్కేవాళ్లు ఇంజిన్‌కి చేసే అన్యాయం అంతాఇంతా కాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోళ్లలో ఇట్లా లాగినప్పుడే ప్లగ్ కంటే ముందు అంటుకోవడం జరుగుతుంది, 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడు ఆయిల్‌కి దాన్ని ఆపుతుందా లేదా అని చూసే పరీక్ష ఉంది, కాబట్టి డబ్బా మీద ఎస్‌పీ అని చూసే పోయించండి.

అపోహ: ఈ20 వచ్చి ఆక్టేన్ పెరిగింది, బూస్ట్ పెంచుకోవచ్చు

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) పెరిగిన మాట నిజం, ఇథనాల్ గాలిని చల్లబరుస్తుంది కూడా. కానీ ఉత్త పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి అయితే ఈ20కి సుమారు 13.5 పాళ్లే, అంటే అదే గాలికి ఎక్కువ ఫ్యూయెల్ చిమ్మాలి. కంపెనీ ఇంజెక్టర్లు బూస్ట్‌కే చివరిదాకా పనిచేస్తా ఉంటే ఇక చిమ్మడానికి ఏమీ మిగలదు, పైన మిక్చర్ పల్చబడుతుంది, బూస్ట్ మీద పల్చబడిందంటే పిస్టన్ పోయినట్టే. 100 ఆక్టేన్ పోయించేవాళ్లకీ ఒక మాట, దానికి తగ్గట్టు ట్యూనింగ్ చేయించుకుంటే అదొక్కటే పోయించాలి, దొరకని ఊర్లో మామూలుది పోయించాల్సి వస్తే అప్పటికి వేరే మ్యాప్ ఉండాలి.

అపోహ: డీజిల్‌కి ఏం చేసినా ఏమీ కాదు

డీజిల్‌కి పెట్రోలు లాంటి నాకింగ్ గొడవ లేదు, ఆ ధైర్యంతోనే చెడగొట్టుకుంటారు. పెట్రోలు పల్చబడితే వేడి, డీజిల్ చిక్కబడితే వేడి. నల్ల పొగ కక్కే బండి చూసి మురిసిపోతారు గానీ, గాలి చాలక డీజిల్ ఎక్కువైందని ఆ పొగే చెప్తోంది. టర్బో ముందు ఎగ్జాస్ట్ 700, 750 డిగ్రీలు దాటి ఘాట్ పొడుగునా నిలబడితే టర్బో, పిస్టన్ రెండూ ప్రమాదంలో పడ్డట్టే. తక్కువ ధరలో దొరికే ట్యూనింగ్ బాక్సులు చాలావరకు రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి డీజిల్ అందే ప్రెషర్) తక్కువుందని ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, అబద్ధం చెప్పి పంపుని ఎక్కువ పని చేయిస్తాయి, బూస్ట్‌నీ వేడినీ పట్టించుకోవు.

మనందరికీ తెలిసిన 1.3 మల్టీజెట్ చూడండి. 75 పీఎస్‌ది 190 ఎన్ఎం, వీజీటీ (లోపలి రెక్కల కోణం మారే) టర్బో పెట్టిన 90 పీఎస్‌ది 200 ఎన్ఎం. కంపెనీ 15 పీఎస్ పెంచింది, టార్క్ మాత్రం పదే పెంచింది, కింద గుద్దకుండా పై ఆర్పీఎంలో టార్క్ నిలబెట్టింది. నేను చేసే రీమ్యాప్ కూడా ఇదే దారి, కింద కొంచెం, పైన ఎక్కువ.

బ్లో ఆఫ్ వాల్వుతో పవర్ రాదు, శబ్దమే వస్తుంది. సూపర్‌చార్జర్‌తో వేడి ఉండదనేది కూడా తప్పే, గాలిని ఎవరు నొక్కినా వేడెక్కుతుంది. గేర్‌బాక్సు మర్చిపోవద్దు, ఫోక్స్‌వ్యాగన్ డ్రై క్లచ్ డీక్యూ200కి హద్దు 250 ఎన్ఎం, 175 ఇచ్చే పోలో ఇంజిన్‌ని దాని దగ్గరికి తీసుకుపోతే మిగులు ఏమీ ఉండదు. మాన్యువల్‌లో ముందు క్లచ్ ప్లేటు జారుతుంది.

నా లెక్క అడిగితే, టర్బో లేకుండా వచ్చిన 11, 12 కంప్రెషన్ పెట్రోలుకి బయటి టర్బో వద్దనే చెప్తా. కంపెనీ టర్బో పెట్రోలుకి, సర్వీసు సరిగ్గా చేయించి ఉంటే, 15 నుంచి 20 శాతం చాలు. డీజిల్‌కి పొగ రాకుండా 20 శాతం. చేయించాక లాగింగ్ (సెన్సర్ లెక్కల రికార్డింగ్) పెట్టుకొని మధ్యాహ్నం పూట భాకరాపేట ఘాట్ ఎక్కి రండి, లోపలికి పోయే గాలి టెంపరేచర్, టైమింగ్ ఎంత వెనక్కి లాగుతోంది, ఈ రెండూ చూడండి. పైకెళ్లే కొద్దీ టైమింగ్ ఇంకా ఇంకా వెనక్కి పోతా ఉంటే, ఆ మ్యాప్ చేసినోడి దగ్గరికి అదే రోజు తీసుకుపోయి బూస్ట్ తగ్గించుకోండి.