దెయ్యానికి డాక్టరు ఎప్పుడొచ్చాడు?

చెన్నైలో వడపళని, సాలిగ్రామం వైపు డబ్బింగ్ థియేటర్లలో పనిచేసే తెలుగు రచయితలకు ఒక పాత చిక్కుంది. తెరమీద తమిళ నటుడు ‘పేయ్’ అంటాడు. పెదవులు మొదట్లోనే కలిసి విడిపోతాయి. మన ‘దెయ్యం’లో అవి కలిసేది చివర్న. కాబట్టి క్లోజప్‌లో ‘భూతం’ పెట్టి, నటుడు వెనక్కి తిరిగాక ‘దెయ్యం’ అనిపించాలి. ‘పైత్తియం’తో ఇంకో తంటా. పెదవికి మన ‘పైత్యం’ అచ్చంగా అతుకుతుంది, అర్థమే అతకదు. వాళ్లకది మతి చెడటం. మనకు మహా అయితే వేపకాయంత వెర్రి. చివరికి ‘పిచ్చి’ అని రాసేసి ముందుకు పోవడమే.

చిన్న హారర్ మిస్టరీల కథ కూడా ఈ రెండు మాటల మధ్యే తిరుగుతోంది. ఇంటర్వెల్ దాకా దెయ్యం, క్లైమాక్స్‌లో ఒక డాక్టరొచ్చి అది జబ్బని తేల్చడం. ఈ మలుపు ఇప్పుడు అరిగిపోయింది గానీ, దీని వెనక డబ్బు లెక్కొకటి ఉంది. ఒక ఇల్లు, నలుగురైదుగురు నటులు, రాత్రి కాల్షీట్లు. గ్రాఫిక్స్‌కు డబ్బుల్లేనివాడు దెయ్యాన్ని చూపించడు, దాన్ని చూసినవాడి మొహం చూపిస్తాడు. మిగతాది ఆర్ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం, శబ్దాలు) చూసుకుంటుంది: కుళాయి చుక్క, తలుపు కిర్రు, ఆ తర్వాత ఏమీ వినపడకపోవడం. అసలక్కడ ఏమైనా ఉందా, లేక వీడికే అలా అనిపిస్తోందా అని మనకు అనుమానం మొదలవుతుంది. మనస్తత్వం కథలోకి దూరేది ఆ సందులోంచే.

మద్రాసుకు ఈ పొదుపు కొత్త కాదు. 1954లోనే ఎస్.బాలచందర్ ఏవీఎంకు ‘అంద నాళ్’ తీశాడు. దెయ్యం లేదు, పాట లేదు, డాన్సు లేదు. ఒక హత్య, దాని చుట్టూ తలా ఒక మాట. తెలుగు పాఠకులకైతే 1980ల్లో యండమూరి నవల ‘తులసిదళం’ ఒకవైపు చేతబడిని, మరోవైపు వైద్యాన్ని, హిప్నాటిజాన్ని నిలబెట్టి ఊపిరాడనివ్వలేదు.

డాక్టరు హీరో అయింది మాత్రం 1993లో, ఫాజిల్ మలయాళ చిత్రం ‘మణిచిత్రత్తాళు’తో. పి.వాసు దాన్ని 2004లో కన్నడంలోకి ‘ఆప్తమిత్ర’గా, 2005లో తమిళంలోకి ‘చంద్రముఖి’గా తెచ్చాడు. ఇక్కడొక తమాషా ఉంది. మలయాళంలో కథానాయికకు పూనిన నర్తకి తమిళం మాట్లాడుతుంది. తమిళానికొచ్చేసరికి ఆమె తెలుగామె అయిపోయి ‘రారా’ అని తెలుగులోనే పాడింది. ఎవరికైనా పక్కింటి భాషే దెయ్యం భాష కాబోలు! ఇంకో తమాషా చికిత్స. జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పిన డాక్టరే చివరికి మంత్రగాడి తంతు నడిపించి, బొమ్మను తగలబెట్టనిచ్చి కథానాయికను బాగుచేస్తాడు.

‘అపరిచితుడు’ వచ్చిందీ అదే 2005లో. అందులోని జబ్బు ‘మల్టిపుల్ పర్సనాలిటీ’ని, అంటే ఒకే మనిషిలో పలువురు మసలడాన్ని, అమెరికా వైద్యులు 1980లో తమ జబ్బుల జాబితాలో పెట్టి, 1994లో పేరు మార్చారు. మన ఆసుపత్రులకు ఎక్కువగా వచ్చింది ఆ రకం కాదు, ‘పూనకం’ కేసులే. సినిమా మాత్రం అరుదైనదాన్నే పట్టుకుంది. నటులకు రెండు మొహాలు దొరుకుతాయి మరి.

బయట సంగతి వేరు. 1871 నుంచి కీల్పాక్‌లో ఉన్న మానసిక చికిత్సాలయం పేరును తమిళ సినిమా హాస్యానికి వాడుకుంది, మనం ఎర్రగడ్డను వాడుకున్నట్టే. ఆ వెక్కిరింత వింటూ పెరిగినవాళ్లు ఆసుపత్రి గడప తొక్కడానికి జంకారంటే వింతేముంది? రోగిని గుడికో దర్గాకో తీసుకెళ్లారు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా దగ్గరి ఒక ప్రైవేటు షెడ్డుకు నిప్పంటుకుంది. లోపలి రోగులు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. ‘చంద్రముఖి’ వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్లకు.

2012లో తక్కువ ఖర్చుతో తీసిన తమిళ హారర్ ‘పిజ్జా’ ఆడాక చిన్న నిర్మాతలకు ధైర్యమొచ్చింది. దాంతోపాటు అరిగిన మలుపులూ వరసకట్టాయి. వాటిలోంచి నేను పక్కకు తీసిపెట్టుకునేది అశ్విన్ శరవణన్ 2019లో తమిళ, తెలుగు భాషల్లో తీసిన ‘గేమ్ ఓవర్’. అందులో జబ్బును చివరిదాకా దాచరు. దాడికి గురైన అమ్మాయి, చీకటంటే వణుకు, దాదాపు కథంతా ఒకటే ఇల్లు, తోడుగా పనిచేసే కాలమ్మ. ఆ భయానికి పేరుందని సినిమా ముందే చెప్పేస్తుంది. ఇక తలుపు తోసుకుని లోపలికొచ్చేవాళ్లు మామూలు మనుషులే.